ఛాయాస్తంభం నుంచి గోడమీది పటం దాకా: గుంటూరు, ప్రకాశం మైదానంలో రూపచిత్రం

ఒక వ్యక్తి ముఖాన్ని, చూసినవారు ఫలానావారని గుర్తుపట్టేటట్లు, దేవతామూర్తిగానో కథలోని పాత్రగానో కాక ఆ వ్యక్తిగానే నిలిపి చూపే చిత్రాన్ని రూపచిత్రం అంటారు. ఐరోపాలో చాలాకాలం ఈ కళను రాజులు, ప్రభువులు, మతాధిపతులు పోషించారు. పంతొమ్మిదవ శతాబ్దంలో అది వర్తకుల ఇళ్ళలోకి, వకీళ్ళ గదుల్లోకి, ఓడల యజమానుల భోజనశాలల్లోకి వచ్చింది. ఈ మార్పు స్పష్టంగా కనిపించే ఊళ్ళలో ఇటలీ ఈశాన్యపు అంచున, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న ట్రియెస్టె ఒకటి. 1719లో ఆస్ట్రియాను ఏలిన చక్రవర్తి దానిని సుంకాలు లేని స్వేచ్ఛా రేవుగా ప్రకటించిన తరువాత అక్కడికి గ్రీకులు, యూదులు, సెర్బులు, జర్మన్లు వ్యాపారం కోసం చేరారు. ఆ ఊళ్ళో రాజదర్బారు లేదు గాని డబ్బు ఉంది. గొరిజియా పట్టణంలో పుట్టి, రోములో చిత్రకళ నేర్చి, తరువాత ట్రియెస్టెలో స్థిరపడిన జుసెప్పె తోమింజ్ (1790–1866) ఆ వర్తకులనూ, వారి భార్యాబిడ్డలనూ చిత్రించాడు. పుట్టుక వల్ల గాక వ్యాపారం, వృత్తి, చదువు వల్ల పైకి వచ్చిన పట్టణవర్గాన్ని ఫ్రెంచి మాటతో బూర్జువా వర్గం అంటారు గనుక, ఇటువంటి చిత్రాలకు బూర్జువా రూపచిత్రాలు అన్న పేరు నిలిచింది.

కృష్ణకు దక్షిణంగా, పల్నాటి రాతినేలల నుంచి గుండ్లకమ్మ దాటి ఒంగోలు దాకా పరచుకున్న నల్లరేగడి మైదానంలో రూపచిత్రం ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు ట్రియెస్టెను తలచుకోవడం అసందర్భం కాదు. తెలుగునాట విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి వంటి సంస్థానాల్లో రాజులూ, వారి మేడలూ, ఆ మేడల గోడలకు తైలవర్ణచిత్రాలూ ఉండేవి. గుంటూరు సీమలో ఆ దారి మధ్యలోనే మూసుకుపోయింది. 1788లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిన ఈ సర్కారులో వాసిరెడ్డి, మల్రాజు, మానూరి, మాణిక్యరావు వంటి జమీందారీ కుటుంబాలు పెత్తనం చేశాయి గాని, నందన నామ సంవత్సరపు డొక్కల కరువు (1832–33), పేష్కషు (ప్రభుత్వానికి కట్టే కప్పం) బకాయిలు, వారసత్వ తగాదాలు కలిసి వాటిని క్రుంగదీశాయి. 1840ల నడుమకు పెద్ద జమీందారీలు ప్రభుత్వపరమై, రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైతువారీ పద్ధతి స్థిరపడింది. అందువల్ల ఈ మైదానంలో రూపచిత్రం రాజుగారి మేడ మెట్లు ఎక్కి దిగి జనంలోకి వచ్చిన వస్తువు కాదు. వకీలు, షావుకారు, పెద్ద కమతం గల రైతు, బడిపంతులు దానిని మొదటి పోషకులుగానే ఇంటికి తెచ్చుకున్నారు. ఈ ప్రాంతపు పటాల చరిత్రకు ఇదే మూలసూత్రం.

అయితే మనిషి ముఖాన్ని జ్ఞాపకార్థం నిలపాలన్న ఆలోచన ఈ నేలకు కొత్తది కాదు. కృష్ణ ఒడ్డున ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో మహాస్తూపానికి సున్నపురాతి ఫలకాలు చేయించినవారిలో గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, చేతిపనివారు ఉన్నారు. పూర్ణకుంభం చెక్కిన ఒక ఫలకాన్ని విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి ఇచ్చినట్లు దానిమీది శాసనమే చెబుతుంది. ఈ దాతలు తమ పేరు, తండ్రి పేరు, వృత్తి, ఊరు రాతిమీద రాయించుకున్నారు గాని ముఖం చెక్కించుకోలేదు. స్తూపం మీద మనుషులు గుంపులు గుంపులుగా ఉన్నా, వారంతా జాతకకథల్లోనివారూ, బుద్ధుని జీవితఘట్టాల్లోనివారూ. దాత పేరుగా మాత్రమే మిగిలాడు.

పేరుకు ముఖం తోడు చేసినవారు ఎగువన, నాగార్జునకొండ లోయలో విజయపురిని ఏలిన ఇక్ష్వాకుల కాలం వారు. మూడవ శతాబ్దంలో అక్కడ చనిపోయినవారి కోసం నిలిపిన రాతికంబాలను వాటి శాసనాలు ప్రాకృతంలో 'ఛాయాఖంభ' అన్నాయి. ఛాయ అంటే నీడ, ప్రతిబింబం, పోలిక. ఖంభ అంటే స్తంభం. వంశస్థాపకుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు స్వర్గస్థుడైన తరువాత, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని ఇరవయ్యవ రాజ్యసంవత్సరంలో, తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి అటువంటి స్తంభాన్ని ఎత్తించారు. దానిమీద అంతస్తులుగా తీర్చిన పలకల్లో రాజు జీవితం కనబడుతుంది. ఈ గౌరవం రాజుకే పరిమితం కాలేదు. సేనానులకూ, యుద్ధంలో పడినవారికీ, చివరకు 'ఆవేసని' అనే హోదా గల శిల్పుల పెద్దకు కూడా ఛాయాస్తంభాలు ఉన్నాయి. నాగార్జునసాగరం నీటిలో లోయ మునిగే ముందు 1954 నుంచి 1960 వరకు జరిగిన తవ్వకాల్లో దొరికినవాటిలో ఎన్నో ఇప్పుడు నీటి నడుమ మిగిలిన కొండమీద ప్రదర్శనశాలలో ఉన్నాయి. పదహారు వందల ఏళ్ళ తరువాత, కాంతితో గీసిన బొమ్మకు తెలుగులో పేరు కావలసి వచ్చినప్పుడు ఛాయాచిత్రం అన్న మాటే కుదిరింది. ఆ మాట పెట్టినవారు నాగార్జునకొండ శాసనాలను చూసి పెట్టలేదు. అయినా, పోయినవారి పోలికను 'ఛాయ' అన్న మాటతో పిలిచిన నేలమీదికి అదే మాట రెండవసారి వచ్చి అదే పనికి కుదరడం గమనించవలసిన విషయం.

రెండు ఛాయల మధ్య కాలంలో ఈ మైదానం పోయినవారిని వేరే విధంగా గుర్తుపెట్టుకుంది. పల్నాటి యుద్ధంలో పడినవారి కోసం కారంపూడిలో కార్తీక అమావాస్యకు జరిగే వీరుల ఉత్సవంలో పూజ అందుకునేవి వారి ఆయుధాలు. అక్కడ ముఖం పనిని కత్తి చేసింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు తన కీర్తిని గోపురాలకు అప్పగించాడు. 1807–09 మధ్య ఆయన మంగళగిరిలో ఎత్తించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం ఈనాటికీ మైళ్ళ దూరం కనబడుతుంది.

వెంకటాద్రినాయుడు మరణించిన 1816లోనే మద్రాసులో ఒక తైలవర్ణచిత్రం తయారైంది. ఐర్లండు నుంచి వచ్చిన థామస్ హికీ, అప్పటి సర్వేయర్ జనరల్ కాలిన్ మెకంజీని ఎర్రకోటులో నిలబెట్టి, ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులను చిత్రించాడు. వారిలో తాటాకు ప్రతి పట్టుకున్నవాడు జైన పండితుడు ధర్మయ్య, దుర్భిణి పట్టుకున్నవాడు బంట్రోతు కిష్ణాజీ, మూడవవాడు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులలో లక్ష్మయ్య అని పరిశోధకులు భావించారు. అమరావతి దిబ్బను 1798 ప్రాంతంలో చూసి, ఆ తరువాత అక్కడి శిల్పాలకు రేఖాచిత్రాలు గీయించినవాడు మెకంజీయే. కావలివారు ఊరూరా తిరిగి కైఫీయతులు, అంటే గ్రామాల పూర్వవృత్తాంతాలు, రాయించి తెచ్చినవారు. గుంటూరు సీమ గతాన్ని కాగితం మీదికి ఎక్కించిన పనిలో భాగస్వామి అయిన తెలుగువాడు దొర పక్కన, దొర కొలువు మనిషిగా, పటంలోకి రావడం ఆ కాలపు సంగతిని తేటగా చెబుతుంది: అప్పటికి తెలుగు ఉద్యోగి తన బొమ్మ తానుగా వేయించుకునే రోజు రాలేదు. ఆ పటం ఇప్పుడు లండనులో బ్రిటిష్ లైబ్రరీ సొత్తు.

ఆ రోజును తెచ్చినది కుంచె కాదు, కెమెరా. 1839లో ఫ్రాన్సులో ప్రకటితమైన ఫొటోగ్రఫీ మద్రాసుకు త్వరలోనే చేరింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన మద్రాసు కళాశాల కొన్నేళ్ళకే దానిని పాఠంగా చేర్చింది. గుంటూరుకు సంబంధించి కెమెరా తీసిన తొలి ముఖాలలో రాతిముఖాలు ఉన్నాయి. జమీందారీల చిక్కు విచారించడానికి గుంటూరుకు వచ్చిన వాల్టర్ ఎలియట్ 1845లో అమరావతిలో తవ్వించి మద్రాసుకు పంపిన ఫలకాలను 1858లో లిన్నెయస్ ట్రైప్ అక్కడి మ్యూజియంలో ఫొటోలు తీశాడు. ఫలకాలు లండనుకు ఓడ ఎక్కిన తరువాత ఆ ఫొటోలు ఈ దేశంలో వాటి ఛాయలుగా మిగిలాయి.

బతికినవారి ముఖాలు అద్దం కింద చేరడానికి డబ్బూ, రైలూ కావలసి వచ్చాయి. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి తూర్పున డెల్టా పండింది. పడమటి మెట్టలో పత్తి ఉంది. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధం ఇంగ్లండు మరలకు అక్కడి పత్తిని ఆపేయడంతో ఇక్కడి దూదికి ధర వచ్చింది. గుంటూరు, కృష్ణా, నెల్లూరు సీమల్లో పండి కాకినాడ రేవు మీదుగా పోయే, ఎర్రచాయ గల దూదికి విదేశీ బజారులో కోకనాడాస్ అన్న పేరే స్థిరపడింది. ఆ శతాబ్దం చివరి దశాబ్దానికి గుంటూరు మీదుగా బెజవాడకు రైలు నడిచింది. 1899లో మద్రాసు–బెజవాడ మార్గం పూర్తయి ఒంగోలు, చీరాల, బాపట్ల, తెనాలి రైలు ఊళ్ళయ్యాయి. 1904లో గుంటూరు మళ్ళీ జిల్లా అయింది. దానితో కచేరీలు, వకీళ్ళు, ప్లీడరు గుమాస్తాలు పెరిగారు. పత్తి మరలు, మిరప కమిషన్ కొట్లు, 1920ల నుంచి వర్జీనియా పొగాకు బేరన్లు కలిసి, పంట అమ్మిన వారంలో చేతిలో రొక్కం ఆడే ఇళ్ళను తయారుచేశాయి. అటువంటి ఇల్లు పెళ్ళికి, పెద్దకొడుకు పట్టా పుచ్చుకున్న వేళకు, తీర్థయాత్రకు ముందు ఫొటో తీయించుకోవడం మొదలుపెట్టింది. ఫొటో తీయించుకుంటే ఆయువు తరుగుతుందన్న భయం చాలాకాలం పోలేదు. ఆ భయం వల్ల చాలామంది పెద్దలు ఒక్కసారే, అదీ జీవితం చివర, కెమెరా ఎదుట కూర్చున్నారు.

ఆ ఒక్కసారి కూర్చున్న తీరు పరిశీలించదగినది. కాళ్ళు నేలకు ఆనించి, రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని, నవ్వకుండా, నేరుగా ఎదటికి చూడటం. తలపాగా లేదా ముడి, మెడ దాకా గుండీలు పెట్టిన కోటు, దానిమీద జరీ అంచు కండువా, జేబు నుంచి వేలాడే గడియారపు గొలుసు. పక్కన ముక్కాలిపీట మీద పూలకుండీ, ఒక పుస్తకం. వెనుక రంగుల తెర: పాలరాతి మెట్లు, స్తంభాలు, దూరాన కొలను. ఊరూరా తిరిగే నాటక సమాజాల అంతఃపురం తెరలకూ, ఉద్యానవనం తెరలకూ ఈ స్టూడియో తెరలు దగ్గర చుట్టాలు. తోమింజ్ చిత్రించిన ట్రియెస్టె మనుషులతో పోల్చితే ఇక్కడ ఒక తేడా బయటపడుతుంది. ఆ రేవు కుటుంబాల పటాల్లో వారి బతుకు కనబడుతుంది: చేతిలో ఉత్తరం, వేలికి ఉంగరం, కిటికీ అవతల సముద్రం, ఓడ. గుంటూరు షావుకారు పటంలో దూదిబేలు గాని, మిరప టిక్కీ గాని, తూకపు కాటా గాని ఉండవు. కొట్టును కొట్టులోనే వదిలి, ఎన్నడూ తాను కాపురం ఉండని మేడ ముందు ఆయన కూర్చుంటాడు. దీనిని గొప్పలకు పోవడంగా తీసిపారేయడం సరికాదు. జమీందారీ మేడలు కూలిన సీమలో, మర్యాదస్థుడు ఎలా కూర్చోవాలో చూపించే నమూనా కంటి ఎదుట లేనప్పుడు, నాటకం తెర ఆ నమూనాను అరువిచ్చింది.

ఫొటో చిన్నది, గోడమీది పటం పెద్దది. ఈ రెంటి మధ్యనే స్థానిక చిత్రకారుని పని ఉంది, ఈ ప్రాంతపు రూపచిత్రకళకు ప్రాణం కూడా అక్కడే ఉంది. 1880ల తరువాత వాడుకలోకి వచ్చిన బ్రోమైడ్ కాగితం, అంటే వెండి బ్రోమైడ్ పూత గల కాగితం, చిన్న నెగెటివ్‌ను దీపం వెలుతురుతో పెద్దదిగా ముద్రించడానికి వీలిచ్చింది. దానినే స్టూడియోలవారు ఎన్లార్జిమెంట్ అన్నారు. పెద్దది చేసినప్పుడు ముఖం మసకబారుతుంది, గీతలు చెరుగుతాయి. అప్పుడు పెన్సిలుతో నెగెటివ్ మీదా, సన్నని కుంచెతో కాగితం మీదా కనుబొమలు, మీసం, పెదవి అంచు తిరిగి దిద్దుతారు. ఆ పనికి టచింగ్ అని పేరు. పెళ్ళి గుంపు ఫొటోలో వెనుక వరుసలో అంగుళం కూడా లేని ముఖమే దిక్కయితే, ఫొటో మీదా కాగితం మీదా గళ్ళు గీసి, ఒక్కొక్క గడిలోని గీతను పెద్దగడిలోకి ఎత్తి, నల్లపొడితో ముఖం కట్టి, మెడ కింద కోటునూ కండువానూ చిత్రకారుడు తన మనసు నుంచి తెచ్చేవాడు. స్తోమత గలవారు దానిమీద రంగులు వేయించుకునేవారు, లేదా గుడ్డమీద తైలవర్ణంలో కొత్తగా రాయించుకునేవారు. బేరమంతా ఒక్క మాట మీద తేలేది: పోలిక. పోలిక కుదిరితే అచ్చు గుద్దినట్లున్నాడని కళ్ళు ఒత్తుకునేవారు. కుదరకపోతే ఎంత నేర్పుగా వేసినా ఆ పటం ఇంటికి చేరేది కాదు.

ఈ పటాలలో ఎన్నో మనిషి పోయిన తరువాత తయారైనవి. పోయినవారికి జీవించి ఉండగా తీసిన ఫొటో లేనప్పుడు దేహాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీయించడం, మూసిన కళ్ళను తెరిచినట్లు చిత్రకారునిచేత దిద్దించడం దక్షిణాదిన చాలాచోట్ల ఉన్న ఆచారం. విగ్రహానికి కళ్ళు తెరిచే ఘట్టాన్ని శిల్పులు నేత్రోన్మీలనం అంటారు. అన్ని పనులూ ముగిశాక, చివరన, నియమంతో అది చేస్తారు. స్టూడియో వెనుకగదిలో టచింగ్ పనివాడు చేసినదానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు గాని, ఇంటివారికి దాని బరువు అంతటిదే. ఫొటో నుంచి మరణానంతర చిత్రం రాయడాన్ని తక్కువ కళగా చూసేవారు ఇటలీ వైపు కూడా చూడాలి. మిలానులో పేరుమోసిన ఫ్రాంచెస్కో హాయెజ్ (1791–1882) ఇటలీ ఏకీకరణ సాధించిన మంత్రి కావూర్ పటాన్ని 1864లో, ఆయన పోయిన మూడేళ్ళకు, ఫొటో ఆధారంగానే రాశాడు; అది బ్రేరా చిత్రశాలలో గౌరవస్థానంలో ఉంది. వెనుకగది పనివాడు చేసినది అదే పని. తేడా అల్లా అతడు తన పటం మీద సంతకం చేయకపోవడం.

స్త్రీల విషయానికి వస్తే లోటు పెద్దది. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో ఆడవారి కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దానిని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడంటే, పురుషుని కెమెరా ఎదుటికి రావడానికి పెద్దింటి స్త్రీలకు ఎంత అడ్డు ఉండేదో తెలుస్తుంది. గుంటూరు సీమ రైతుకుటుంబాల్లో ఘోషా లేదు. పత్తి తీతకూ, మిరప కోతకూ వెళ్ళిన ఆడవారికి ముఖం దాచుకునే పద్ధతి ఎక్కడిది? అయినా ఫొటో ఖర్చు ఇంటి యజమాని మీద పెట్టే ఖర్చుగానే ఉండిపోయింది. జంటపటాల్లో ఆయన కుర్చీలో, ఆమె పక్కన నిలబడి ఉండటం మామూలు. తల్లి ఫొటో అసలే లేకపోతే పోలికలు గల కూతురినో చెల్లెలినో చూసి రాయించడం ఉండేది. అటువంటి పటంలో ఉన్నది ఎవరి ముఖమని అడగడానికి వీలులేదు. అది ఆ ఇంటి ఆడవారందరి ముఖం.

పటం గోడకెక్కిన తరువాత దాని జీవితం వేరు. 1894లో రవివర్మ బొంబాయి దగ్గర పెట్టిన ముద్రణాలయం నుంచి వచ్చిన లక్ష్మీ సరస్వతుల రంగుపటాలు అద్దాలతో, చెక్క చట్రాలతో ఇళ్ళకు చేరుతున్న రోజులవి. పెద్దల పటానికి కూడా అదే చట్రం, అదే గంధం బొట్టు, అదే పూలదండ దొరికాయి. స్థానం మాత్రం వేరు. దేవుళ్ళు తూర్పు గోడకో, పూజగదికో పోతే, పోయినవారు పితృదిక్కు అయిన దక్షిణపు గోడమీద ఉండటం చాలా ఇళ్ళలో కనిపించే నియమం. శ్రాద్ధవిధికి నిజానికి పటం అక్కరలేదు. తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు, గోత్రం చెప్పి పిండం పెడితే విధి పూర్తవుతుంది. ధాన్యకటకపు దాతలాగా పితృదేవత కూడా పేరే. పటం వచ్చి ఆ పేరుకు ముఖం ఇచ్చింది. గోడ కూడా మూడు తరాలనే మోసింది. ముత్తాతకు ఎగువన ఉన్నవారికి ఫొటోలు లేవు, ఉన్నవారిని గుర్తుపట్టగలవారు లేరు.

బయటి గోడలమీదికి పటం రావడం మరొక అధ్యాయం. పురమందిరాల్లో, న్యాయవాదుల సంఘాల గదుల్లో, వేటపాలెంలో 1918లో ఆరంభమైన సారస్వత నికేతనం కాలపు గ్రంథాలయాల్లో దాతల పటాలు, దేశనాయకుల పటాలు చేరాయి; చిత్రపటావిష్కరణ అనే సభామర్యాద, తెర లాగి పటం చూపి ఉపన్యాసాలు ఇచ్చే పద్ధతి, వాటితో పుట్టింది. తరువాత తెనాలి శిల్పుల చేతిలో ఫొటో మళ్ళీ మూడు కొలతల రూపానికి తిరిగింది. ఊరి మొగలో నాయకుని విగ్రహం, పొలం గట్టునో ఇంటి ఆవరణలోనో తల్లిదండ్రుల విగ్రహాలు ఫొటో చూసి పోతపోసినవే.

బ్రోమైడ్ పటంలోని వెండికి తేమ పడదు. పాతకాలపు మండువా లోగిళ్ళలో వానాకాలపు చెమ్మ అద్దం లోపలికి పాకి, ముందు అంచులు పసుపెక్కుతాయి, తరువాత కండువా, కోటు, చివరకు ముఖం చెరుగుతాయి. ఆ లోగిళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టే ఊళ్ళలో ఇటువంటి పటాలు చట్రం చెక్క కోసం పాతసామాను కొట్లకు పోతున్నాయి. వాటిని సేకరించి భద్రపరచడం ఒక జిల్లా మ్యూజియం పూనుకోదగిన పని. చిత్రకారుడు పటం అడుగున ఇంటిపేరుతో సహా పేరు, జననం, మరణం, తిథి తైలవర్ణపు తెల్లరంగుతో రాస్తాడు. ఆ రంగుకు వెండికి ఉన్న జబ్బు లేదు. ముఖం పూర్తిగా చెరిగిపోయిన పటాల్లో కూడా ఆ అక్షరాలు చదవడానికి వస్తాయి.